పందుల యార్డు మూతపడ్డ ఏడాది

మొన్న మిషిగన్‌లో, ట్రాయ్‌లోని మా ఇంటి దగ్గర కిరాణా స్టోర్‌లో మా అమ్మాయి బేకన్ అనే పందిమాంసం ప్యాకెట్ ఒకటి తీసి నా ముందు పెట్టింది. దాని మీద ఎర్ర కొట్టం, పచ్చగడ్డి, గడ్డిలో నవ్వుతున్న పందిపిల్ల. "అమ్మా, నువ్వు ఇలాంటి ఫామ్‌లోనే వర్క్ చేసావా?" అంది, ఇక్కడ పుట్టిన పిల్లల యాసలో. చేశాను. కానీ ఆ బొమ్మ చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అదెందుకో దానికి అక్కడ నిలబడి చెప్పలేకపోయాను.

పెళ్ళయిన కొత్తలో మా ఆయన మిషిగన్‌లో కార్ల కంపెనీలోనూ, నేను అయోవాలో ఒక చిన్న ఊళ్ళో పశువుల డాక్టర్‌గానూ ఉండేవాళ్ళం. నిజానికి అక్కడ పశువులంటే పందులే. మా అమ్మ చుట్టాలకి "మా అమ్మాయి అమెరికాలో పెద్ద డాక్టరు" అని చెప్పి, ఎవరికి వైద్యమని అడిగితే కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళిపోయేదట. క్లినిక్ మా సీనియర్ డాక్టర్‌ది. ఆయనే నన్ను మొదటిసారి ఆ ముసలి దంపతుల దగ్గరికి తీసుకెళ్ళాడు. వాళ్ళ పందులు మందంగా పరిచిన గడ్డి మీద పెరిగేవి. చలికాలం కొట్టం తలుపు తీస్తే తడి గడ్డీ, మొక్కజొన్న పిండీ, వెచ్చటి ఊపిరీ కలిసిన వాసన ముఖానికి కొట్టేది. పెద్దాయన తల్లిపందులకి వాళ్ళావిడ అక్కచెల్లెళ్ళ పేర్లు పెట్టుకున్నాడు. "వాళ్ళకి వినపడేలా పిలవకు, అంతే" అనేది ఆవిడ. నేను మాంసం తిననని తెలిశాక నా కోసం విడిగా బంగాళాదుంపలు చేసిపెట్టేది.

ఆ చుట్టుపక్కల చిన్న రైతులు పందుల్ని ట్రైలర్‌లో ఎక్కించుకుని ఊళ్ళోని కొనుగోలు యార్డుకి తీసుకెళ్ళేవాళ్ళు. ఎవరు తెచ్చినా ఆ రోజు రేటుకి కొనేవాళ్ళు. యార్డు చూసుకునేది పెద్దాయన మేనల్లుడు. తల్లి పోయాక చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లోనే పెరిగాడు. అతను "అంకుల్" అన్నప్పుడల్లా నా చెవికి "మావయ్యా" అనే వినపడేది.

ఆ ఏడాది ఒక్కొక్క రైతే పందులు మానేస్తున్నాడు. ఒక పెద్ద కంపెనీ పొడుగాటి షెడ్లు కట్టిస్తోంది. పందులు కంపెనీవే, మేతా మందులూ కంపెనీవే, రైతుది షెడ్డూ చాకిరీ. నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి డాక్టర్‌నీ నన్నూ కూడా పిలిచారు. పెద్దాయన మేనల్లుణ్ణి సూటిగా అడిగాడు: "యార్డు ఉంటుందా, పోతుందా? పోయేదైతే ఇప్పుడే అమ్మేసుకుంటాను." అతను ప్లేట్‌లో వడ్డించుకుంటూ, "నేనున్నంత కాలం నీ పందులకి చోటుంటుంది, అంకుల్" అన్నాడు. మా డాక్టర్ కూడా "ఏం కంగారుపడకు" అని పెద్దాయన భుజం తట్టాడు. ఆ మాట నమ్మి ఆయన తల్లిపందుల్ని అమ్మలేదు సరికదా, కొట్టానికి కొత్త కప్పు వేయించాడు.

మంచు కరిగాక ఒక ఉదయం ట్రైలర్ నింపుకుని బయల్దేరాడు. పందిపిల్లల్ని చూడటానికి వచ్చినదాన్ని నేనూ పక్క సీట్లో ఎక్కాను. యార్డు గేటుకి గొలుసు వేసుంది. లోపలున్న మనిషి వచ్చి, "ఈ యార్డు ఇక లేదు. కంపెనీతో కాంట్రాక్ట్ ఉన్నవాళ్ళవే తీసుకుంటారు, అదీ మాంసం ప్లాంట్ దగ్గరే" అన్నాడు. మేనల్లుడెక్కడని అడిగితే, "ఆయనిప్పుడు కంపెనీలో సూపర్‌వైజర్ కదా, మీకు తెలీదా?" అని ఆశ్చర్యపోయాడు. పెద్దాయన స్టీరింగ్ వదల్లేదు. వెనక పందులు ఒకదాన్నొకటి తోసుకుంటూ అరుస్తున్నాయి.

కొన్నాళ్ళకి నేను అక్కడుండగానే మేనల్లుడు కంపెనీ పికప్‌లో వచ్చాడు, మావయ్యకి కూడా కాంట్రాక్ట్ ఇప్పిస్తానంటూ. ఆవిడ అలవాటు కొద్దీ ఆపిల్ 'పై' ముక్క పెట్టింది. పెద్దాయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"థాంక్స్‌గివింగ్ నాడు నీకు తెలుసా?"

"అప్పటికే సంతకం పెట్టేశాను. ఎవరికీ చెప్పొద్దన్నారు."

అతను ఇంకా తింటుండగానే ఆవిడ ప్లేటు తీసి సింక్‌లో పెట్టేసింది. అతను టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

తల్లిపందుల్ని వచ్చిన ధరకి అమ్మేశారు. లారీ ఎక్కించేటప్పుడు పెద్దాయన ఒక్కదాన్నీ పేరుతో పిలవలేదు. తిరిగొస్తూ కార్‌లో, "ఆ మేనల్లుడికి మనసెలా ఒప్పింది?" అన్నాను డాక్టర్‌తో. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఫాల్‌లోనే, థాంక్స్‌గివింగ్‌కి ముందే, నాక్కూడా తెలుసు. కంపెనీ షెడ్ల వైద్యం మన క్లినిక్‌కే వచ్చింది. నీ వీసాకీ ఢోకా లేదు" అన్నాడు, నాకేదో శుభవార్త చెబుతున్నట్టు.

మిషిగన్ వచ్చేసేదాకా ఆ షెడ్లలోనే పనిచేశాను. పందులకి రోగాలు అంటకుండా స్నానం చేసి వాళ్ళ బట్టలు వేసుకుని లోపలికెళ్ళాలి, మళ్ళీ స్నానం చేసి బయటికి రావాలి. వేలకొద్దీ పందులు, ఒక్కదానికీ పేరు లేదు. పెద్దాయన స్కూల్ బస్ నడపడానికి కుదిరాడు. దారిలో కనిపిస్తే చెయ్యి ఊపేవాడు, ఆగేవాడు కాదు. డాక్టర్‌కి తెలిసిందంతా నాకూ తెలుసనే అనుకుని ఉంటారు. ఆ ఇంట్లో మళ్ళీ నన్నెవరూ భోజనానికి ఉండమనలేదు.

కాలం అందరికీ ఒకేలా నడుస్తుందని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ థాంక్స్‌గివింగ్ నాడు ఒకే బల్ల చుట్టూ కూర్చున్న మాలో ఇద్దరు అప్పటికే వచ్చే ఏడాదిలో బతుకుతున్నారు. మిగిలినవాళ్ళం, వాళ్ళు ఎప్పుడో ముగించేసిన ఏడాదిలో.