బొట్టు పెట్టుకున్న మిషన్

రాజమండ్రికి కాస్త ఇవతల, పొలాలు పూడ్చి కట్టిన ఫార్మసీ కాలేజీలో మాత్రలు కొట్టే మిషన్ ఒకటి ఉంది. ఏటా దసరాకి దాన్ని తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి పూజ చేస్తారు. స్విచ్ మాత్రం ఏనాడూ వేయరు. వేస్తే పాడైపోతుందట! అమ్మవారికైనా జాతర నాడు కాస్త కదలిక ఉంటుంది. దీనికి అదీ లేదు.

వీరదుర్గ అక్కడ బీఫార్మసీ నాలుగో సంవత్సరం. సిద్ధాంతం వంతెన దగ్గర చేపలమ్మే తలుపులమ్మ పెద్దకూతురు. మూడేళ్లు ప్రాక్టికల్స్ పేరిట ఆ పిల్ల చేసిందేమిటయ్యా అంటే, సీనియర్ల రికార్డులు చూసి తన రికార్డు నింపడం. ఇక ఇండస్ట్రియల్ ట్రైనింగ్ అంటారా, అదో తంతు. అందర్నీ బస్సెక్కించి విశాఖ దాకా తీసుకెళ్లి, ఏదో మందుల కంపెనీ గేటు ముందు ఫోటో తీసి, బీచ్ చూపించి తీసుకొచ్చేవారు. నెల రోజులు శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ చేతిలో పెట్టేవారు. పిల్లలూ నవ్వుతూ పుచ్చుకునేవారు. ఇచ్చేవాళ్లకి సిగ్గు లేదు, తీసుకునేవాళ్లకీ లేదు. ఛీ!

వీరదుర్గకి మాత్రం ఆ గేటు లోపల ఏముందో చూడాలని ఉండేది. కాకినాడ దగ్గర ఓ చిన్న కంపెనీవాళ్లని తానే పట్టుకుని, కాళ్లావేళ్లా పడి ట్రైనింగ్‌కి ఒప్పించుకుంది. మీ ప్రిన్సిపాల్ గారు ఒక్క మాట చెబితే చాలన్నారు వాళ్లు. ఆ ఒక్క మాట కోసం ఆయన గది చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి.

"ఒక్కళ్లని పంపితే అందరూ అడుగుతారమ్మా. సర్టిఫికెట్ మేం ఇస్తున్నాం కదా, నీకొచ్చిన నష్టమేంటి?" అన్నారాయన.

అంతలో గోదావరికి ఎర్రనీరు వచ్చింది. సీట్లు పెంచమని కాలేజీ అడిగినందుకు ఇన్‌స్పెక్షన్ కూడా అప్పుడే పడింది. ప్రిన్సిపాల్ గారు వీరదుర్గని తనే పిలిపించారు. ఏనాడూ కూర్చోమనని మనిషి కుర్చీ చూపించారు.

"మీ అమ్మగారు చేపలమ్ముతారు కదమ్మా. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే పెద్దాయనకి పులసంటే ప్రాణమంట. మంచిదొకటి చూసిపెట్టమను. నీ ట్రైనింగ్ సంగతి నేను చూసుకుంటాను."

పుస్తెలమ్మయినా పులస తినాలంటారు మనవాళ్లు. ఎవరి పుస్తెలమ్మాలో ఆ సామెత చెప్పదు కాబట్టి, ఇలాంటి పెద్దలు ఎదుటివాళ్లవే అమ్మిస్తారు. తలుపులమ్మ "నీ చదువు కన్నా ఎక్కువేంటే" అని, ఆ ఏడు చేతికొచ్చిన మొదటి పులసని, అదీ గుడ్లున్నదాన్ని, బెండకాయలేసి పులుసు పెట్టి కుండతో సహా పంపించింది.

పెద్దాయన వేళ్లు నాక్కుంటూ తిన్నాడు. ముల్లు ముల్లూ చీకాడు. తర్వాత పళ్లు కుట్టుకుంటూ ల్యాబ్‌లోకి వచ్చాడు. తెల్లకోటు తొడిగి మిషన్ పక్కన నిలబెట్టిన పిల్ల ఎవరనుకున్నారు, వీరదుర్గే. పులుసు వాసన పోని ఆ చేత్తోనే మిషన్‌ని తట్టి, "దీన్ని నడుపుతున్నారామ్మా?" అని అడిగాడు.

ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నడపడం లేదని చెబితే కాకినాడ ట్రైనింగ్ దక్కదని వీరదుర్గకి తెలుసు.

"నడుపుతున్నామండి," అంది.

ఏదీ, ఓసారి వేసి చూపించమనడానికైనా ఆయనకి ఓపిక లేదు. బ్రేవుమని త్రేన్చి, "గుడ్" అని వెళ్లిపోయాడు. వీరదుర్గకి ఆయన మీద అసహ్యం వేసింది. తన మీద అంతకు రెట్టింపు వేసింది.

సీట్లు పెరిగాయి. ఆ సంతోషంలో ప్రిన్సిపాల్ గారు మాట నిలబెట్టుకున్నారు. కాకినాడలో మొదటిరోజు మిషన్ వేయమంటే వీరదుర్గ బిక్కమొహం వేసింది. సూపర్‌వైజర్ విసుక్కుంటూనే నేర్పాడు. కొన్నాళ్లకి, మాత్ర పైపొర ఎందుకు లేచిపోతోందో, ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదులు చేయాలో తెలిసొచ్చింది. నాలుగేళ్లలో లేని ఆనందం ఆ మందుపొడి దుమ్ములో దొరికింది.

అప్పుడే ఓ సాయంత్రం చెల్లెలు లక్ష్మి ఫోన్ చేసింది.

"అక్కా, నాకు మీ కాలేజీలోనే సీటొచ్చింది. అమ్మ అందరికీ కాజాలు పంచిపెడుతోంది."

"వద్దే. ఇంకోటి చూసుకో. అక్కడేమీ నేర్పరు."

"అదేంటి? మిషన్ మీరే నడుపుతారంటగా. ఇన్‌స్పెక్షన్‌లో నువ్వే చెప్పావని ప్రిన్సిపాల్ గారు మాతో అన్నారు. అది వినే కదా అమ్మ నన్ను చేర్పించింది."

"అబద్ధం చెప్పానే లక్ష్మీ. దాన్నెవరూ ఎప్పుడూ నడపలేదు."

"మరి ఆ మాట ఇన్‌స్పెక్షన్‌కొచ్చినాయనతోనే చెప్పాల్సింది కదక్కా," అంది లక్ష్మి.