నేనే మూసేసిన దారి

సామర్లకోటలో ఇంటి నుంచే నెట్‌వర్క్ పని చేస్తున్న రోజులవి. తణుకు అవతల ఒక చక్కెర ఫ్యాక్టరీలో, చెరకు ట్రాక్టర్లను తూచే కాటా దగ్గరున్న నెట్‌వర్క్ స్విచ్‌లో వాడని పోర్టులన్నీ, అంటే కేబుళ్లు గుచ్చే చోట్లన్నీ, మూసేయాలి. కరెంటు పోతే ఆ స్విచ్‌ని నడపాల్సిన యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయినా మార్చలేదని ఆ ఉదయమే కాటా గుమస్తా సూర్యారావు గారిని కసిరాను. ఆ చిరాకులో, నేను ఏ పోర్టు గుండా లోపలికి వెళ్లానో దాన్నే మూసేశాను. స్క్రీన్ బిగుసుకుపోయింది. అక్కడ నెట్‌వర్క్ తెగి కాటా కంప్యూటర్ ఆగిపోయింది.

వెంటనే సూర్యారావు గారి ఫోన్. "ఏంటమ్మా ఇది? ట్రాక్టర్లు రోడ్డు దాకా ఆగిపోయాయండి. రైతులు నా మీదకొచ్చేస్తున్నారు!"

నేను మార్పు సేవ్ చేయలేదు. స్విచ్ ఒకసారి ఆపి మళ్లీ వేస్తే పాత సెట్టింగులు వచ్చేస్తాయి. "ఎలాగైనా ఆపండి సూర్యారావు గారూ!" అని ఏడ్చినంత పని చేశాను. కానీ స్విచ్ ఉన్న గదికి తాళం. తాళంచెవి పట్టుకుని ఎలక్ట్రీషియన్ గృహప్రవేశానికి వెళ్లాడట, ఫోనెత్తడం లేదట. ఫోన్లో రైతుల అరుపులు వినిపిస్తున్నాయి. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

"అయ్యో, కరెంటు కూడా పోయిందమ్మా!" అన్నారాయన.

కాసేపటికి కరెంటు వచ్చింది. స్విచ్ పాత సెట్టింగులతో లేచింది, కాటా మొదలైంది.

"పొద్దున్న మీరన్న బ్యాటరీ రేపే మార్పించేస్తానమ్మా" అన్నారు సూర్యారావు గారు, తప్పు తనదే అన్నట్టు.

నాకైతే ఆ చచ్చిన బ్యాటరీకి దణ్ణం పెట్టాలనిపించింది.