నిద్రపోయి లేచిన కోపం

నేను నిద్రపోవడం లేదన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఇందులో వాళ్ళ తప్పు సగమే. గూడ్సు బండి డ్రైవరు ఇంట్లో నిద్రకి వేళంటూ ఉండదు. డ్యూటీ ఫోను మోగితే మా ఆయన లేస్తాడు, ఆయన లేస్తే నేను లేస్తాను, నేను లేస్తే పొయ్యి వెలుగుతుంది. ఇడ్లీ సాయంత్రం, అన్నం తెల్లారగట్ల. పొద్దు పొడిచిందో కుంకిందో మా వంటింటిని చూసి ఎవరూ చెప్పలేరు. అలాంటి ఇంట్లో ఒక ఆడది ఎప్పుడు చూసినా మేలుకునే ఉంటే దాన్ని జబ్బు అనరు. మంచి కోడలు అంటారు.

మా అత్తగారు అలాగే అన్నారు. మేముండే ఈ హిందీ ఊళ్ళో, దయాల్‌బంద్ పేటలోని మా ఇంటి నుంచి తార్‌బహార్ పేట దాకా వెళ్ళి మరీ చుట్టాలకి చెప్పుకొచ్చారు: "మా కోడలికి అలుపన్నదే లేదమ్మా. ఎప్పుడు నెగిసి సూసినా పని సేస్తానే ఉంటాది."

ఆ చలికాలం నేను చేసిన పని అలాంటిది మరి. వంటింటి గోడలకి నేనే రంగు వేశాను, సగం పసుపు, సగం ఆకుపచ్చ. స్కూల్లో పదో తరగతికి సోషల్ చెప్పేదాన్ని. ఎవరూ అడక్కుండానే పిల్లలందరిచేత నాటకం మొదలుపెట్టించాను. మాట హిందీలో ఎత్తుకుని, తెలుగులో తిట్టి, ఇంగ్లీషులో ముగించేదాన్ని. నాకైతే బ్రహ్మాండంగా ఉండేది. నిద్ర తెలివితక్కువవాళ్ళ అలవాటు అనిపించేది. ఎండలు మొదలయ్యేసరికి అదంతా దిగిపోయింది. జడ వేసుకోవడానికి చెయ్యి లేవలేదు. అప్పుడు గాని మా ఆయన నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు.

డాక్టరు బైపోలార్ అన్నాడు. కొన్నాళ్ళు పట్టపగ్గాల్లేని హుషారు, కొన్నాళ్ళు లేవలేని దిగులు, రెండూ ఒకే జబ్బు ముఖాలు అన్నాడు. మందులు రాసి, వాటితోబాటు థెరపీ కూడా కావాలన్నాడు. మందులు పనిచేశాయి. ఆ విషయంలో నాకు వాదన లేదు. వాదన లేని విషయాలు నాకు తక్కువ గనక ముందే చెప్పి పెడుతున్నాను.

జబ్బుకి పేరు దొరికాక అసలు తంటా మొదలైంది. పప్పులో ఉప్పెక్కువైందని ఆయన అంటే, "బండి దిగి పడుకునే ఆ రన్నింగ్ రూముల్లో తిని తిని మీ నాలిక చెడింది" అని పెళ్ళైన కొత్తలో అన్న మాటే మళ్ళీ అనేదాన్ని. ఇదివరకైతే నవ్వేవాడు. ఇప్పుడు తల్లీకొడుకులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవారు. ఆయన మెల్లగా అడిగేవాడు: "మందేసుకున్నావేటి?"

"డ్యూటీ ఎక్కేముందు తాగారేమోనని మీచేత గొట్టం ఊదిస్తారు. ఇంట్లో మీరు నాచేత ఊదిస్తన్నారా?"

"సూసావా అమ్మా, ఇలాగే మొదలవుతాది."

వేసవి సెలవులయ్యాక స్కూలుకి బయల్దేరబోతుంటే తెలిసింది. నాతో ఒక్క ముక్కైనా చెప్పకుండా ఆయన ప్రిన్సిపాల్‌ని కలిసి వచ్చాడు. ఈ ఏడు మా ఆవిడకి పదో తరగతి వద్దు, మెల్లగా పనే మానిపించేస్తాం అని చెప్పాడట. నేను అరిచాను. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచేంతగా అరిచాను. జవాబుగా వచ్చింది అదే ప్రశ్న.

వేసుకున్నాను. అయినా నోరు పెగల్లేదు. ఎందుకంటే ఈసారి నాకే అనుమానం పట్టుకుంది. ఈ కోపం నాదా, జబ్బుదా? ఇన్నేళ్ళూ నోటితో బతికినదాన్ని. ఆ నోరు నాదో కాదో నాకే తెలియకపోతే రేపు పని మానెయ్యమన్నా, ఎల్లుండి ఇంకేం అన్నా కాదనడానికి నా దగ్గర ఏముంటుంది? థెరపిస్టుని వెతకడం అందుకే మొదలుపెట్టాను. మనశ్శాంతి కోసం కాదు.

మొదట దొరికినావిడ గదినిండా పూల బొమ్మలు. నన్ను కూర్చోబెట్టి మా ఆయనతో మాట్లాడింది. "వీరికి ఈ కోపం ఎప్పట్నుంచి?" అని ఆయన్ని అడిగింది. నేను ఇక్కడే ఉన్నాను కదా అన్నాను. చూశారా అన్నట్టు ఆయనకేసి తలాడించి, నన్ను ప్రాణాయామం చెయ్యమంది. ఊపిరి గట్టిగా పీల్చుకుని బయటికి వచ్చేశాను.

రెండో ఆవిడ ఫోనులో. హైదరాబాదు మనిషి. తెలుగులోనైతే మనసు విప్పుకోవచ్చని ఆశపడ్డాను. ఏం చెప్పినా "మీ బాధ నాకు అర్థమవుతోందండీ" అనేది. పరీక్షిద్దామని, మా ఇంట్లో పిల్లి లేదని చెప్పాను. ఆ బాధా అర్థమైందంది.

మూడో అమ్మాయిని మందుల డాక్టరే చూపించాడు. సైకాలజీలో పెద్ద చదువు చదివింది, బిల్హా నుంచి లోకల్ రైల్లో వచ్చిపోతుంది. మొదటిరోజే ఆలస్యం. "వైద్యం చేసేవాళ్ళే ఆలస్యంగా వస్తే రోగం ఆగుతుందా?" అన్నాను హిందీలో. మా మాటలన్నీ హిందీలోనే.

డాక్టరు రాసి పంపిన కాగితంలో మా ఆయన ఉద్యోగం చదివే వచ్చింది కాబోలు, బ్యాగు కింద పెడుతూ, "దీదీ, మీ ఇంటి గూడ్సు బండే మా లోకల్‌కి అడ్డం పడింది. ఈ లైన్లో బొగ్గు ముందు, మనుషులు తర్వాత. ఇంటికెళ్ళి ఆయన్నే అడగండి" అంది.

నాకు నచ్చింది. కూర్చున్నాను. "నా కోపం నాదా, జబ్బుదా? ఒక్క మాటలో చెప్పు."

"ఒక్క మాటలో చెప్పగలిగితే స్టేషను బయట చిలక జోస్యం పెట్టుకునేదాన్ని. మీ ఇంట్లో లైటు ఎప్పుడు ఆర్పుతారు?"

నవ్వొచ్చింది. లైటు ఆర్పడమా, మా ఇంట్లోనా? ఫోను సంగతి, పొయ్యి సంగతి చెప్పాను. గేటు సంగతీ చెప్పాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ రైళ్ళు నడుపుతున్న మా కుటుంబాల్లో, మగవాడు బండెక్కడానికి బయల్దేరితే ఆడది గేటు దాకా వచ్చి, అతను వీధి మలుపు తిరిగేదాకా నిలబడాలి. ఏ వేళైనా సరే. మా అమ్మ నిలబడింది, అత్తగారు నిలబడ్డారు, నేను నిలబడ్డాను. లోపలికొచ్చాక మళ్ళీ నిద్ర ఎక్కడిది?

"మీకు హుషారు పుట్టిన ఆ చలికాలం ఆయన డ్యూటీలు ఎలా ఉన్నాయి?"

"వరసగా రాత్రుళ్ళే..." అని, నేనే ఆగిపోయాను. మరుక్షణం పట్టుకున్నాను. "అయితే ఈ రోగం ఆయనవల్లే వచ్చిందంటావు!"

"అనను. రోగం మీలో ఉంది, మందు దానికే. నిద్ర చెడగొట్టుకోవడమంటే దానికి తలుపు తీసి పీట వెయ్యడం."

ఆయన మీదికి నెట్టడానికి దొరికిన బంగారంలాంటి అవకాశం అలా పోయింది.

తర్వాత వారాల తరబడి వాదించుకున్నాం. థెరపీ అంటే మా ఇద్దరికీ అదే. నేను ఒక తగువు చెప్పేదాన్ని, ఆమె దాన్ని విప్పేది: ఎక్కడ మొదలైంది, ఎక్కడికి పోయింది, అవతలివాళ్ళు ఏమన్నారో గుర్తుందా? అలా నెమ్మదిగా నాకే తెలిసొచ్చింది. జబ్బు కోపం ఒక సంగతి మీద నిలవదు. ఉప్పుతో మొదలై ఊరంతా తిరుగుతుంది, దానికి ఎదుటివాడి జవాబు అక్కర్లేదు. నా కోపానికి జవాబు కావాలి. అదీ సరైన జవాబు. ఏది ఏదో పోల్చుకోవాలంటే ముందు నిద్ర నిలబడాలి. వెనక గది, వేసిన తలుపు, తప్పని వేళ. గేటు దగ్గర నిలబడడం బంద్.

ఈ మాట ఇంట్లో చెప్పగానే అత్తగారు గుండె మీద చెయ్యేసుకున్నారు. "ఓలమ్మో! మగోడు బండెక్కడానికెల్తంటే పెళ్ళాం తొంగుంటాదా? రేపేటైనా అయితే?"

"బండి సిగ్నల్ సూసి నడుస్తాది అత్తమ్మా, నన్ను సూసి కాదు."

ఆయన నోరు తెరవబోయాడు. ఏం అడుగుతాడో నాకు తెలుసు. అందుకని నేనే ముందడిగాను. "ఏటండీ, రెస్టు పూర్తవకుండా డ్యూటీకి పిలిస్తే ఎల్తారా?"

"ఎందుకెల్తాను? రూలు. రెస్టు లేకండా బండి తీస్తే సిగ్నల్ ఎదురుగా ఉన్నా కనబడదు."

"నా రెస్టుకి రూలు లేదేటి?"

యూనియన్ మీటింగుల్లో రెస్టు కోసం గొంతు చించుకునే మనిషి. వంటింటి గోడకేసి చూశాడు, పసుపూ ఆకుపచ్చా కలిసేచోట. చివరికి "అచ్ఛా" అన్నాడు. మా ఇంట్లో ఆ అచ్ఛాకి సంతకమంత విలువ.

అప్పట్నుంచి టీ ఆయనే పెట్టుకుంటున్నాడు, పాలు పొంగించుకుంటున్నాడు. గేటు దగ్గర శాలువా కప్పుకుని అత్తగారే నిలబడుతున్నారు. "ఈ వయసులో నాకిదేటి కర్మ" అంటే, "కొడుకు మీవోడే కదా అత్తమ్మా" అన్నాను.

అర్ధ సంవత్సరం పరీక్షలకి ముందు, ఒక ఉదయం, ఆయన ఉప్మా తింటుండగా ఎత్తుకున్నాను. "నాకు సెప్పకుండా ప్రిన్సిపాల్‌కి సెప్పిన మాట, మీరే ఎల్లి వెనక్కి తీసుకోండి." గొంతు లేచింది. దాన్ని నేను ఆపలేదు.

"మందే..." అని మొదలెట్టి మింగేశాడు. "రాత్రి నిద్ర పట్టిందేటి?"

"పట్టింది. మందేసుకున్నాను, తొంగున్నాను, లేచాను, మొహం కడుక్కున్నాను. కోపం అలాగే ఉంది. ఇది నాదే. ఇప్పుడు జవాబు సెప్పండి."

ఆయన తల్లికేసి తిరిగాడు. "నన్నేటి సూస్తావురా? అడుగుతంది కదా, దానికి సెప్పు" అన్నారు అత్తగారు. ఆవిడ కూడా రోజూ తెల్లారగట్ల గేటు దగ్గర నిలబడుతున్నారు కదా, ఆవిడకీ నిద్ర విలువ తెలిసినట్టుంది.

రెస్టు రోజు చూసుకుని స్కూటరు మీద నన్ను స్కూలుకి తీసుకెళ్ళాడు. హెల్మెట్ చేత్తో పట్టుకుని ప్రిన్సిపాల్ గదికేసి నడుస్తుంటే నేను గేటు దగ్గర నిలబడ్డాను. మలుపు తిరిగేదాకా కాదు, తిరిగొచ్చేదాకా.

చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "సెప్పాను. నాదే తప్పన్నాను. సోమవారం నించి పదో తరగతి నీకే."

"ఏ సెక్షన్?"

"అదడగలేదే."

"మళ్ళీ ఎల్లండి" అన్నాను.