ఫిల్టరుకు కట్టిన గుడ్డ

నేను చేసిన వెధవపనులు చాలావరకు నవ్వుతూ చెప్పుకోగలను. ఇది మాత్రం చెప్పబోతే ఇప్పటికీ తల ఎత్తలేను.

డెబ్బైల చివర్లో సంగం కాలువ కింది వరికి తెగులొస్తే మందు కొట్టడానికి చిన్న విమానం వచ్చేది. ఒకటే ఇంజను, ఒకటే సీటు. ఆత్మకూరు అవతల మెట్ట నేల చదును చేస్తే అక్కడ దిగేది. దానికి మెకానిక్కుని నేను. మాది ఉదయగిరి. మొదట పని నేర్చుకున్నది అక్కడే, ఒక సాయిబుగారి లారీ షెడ్డులో. ఆయన్ని ఉస్తాదు అనేవాణ్ణి. ఆ తర్వాత మద్రాసు వెళ్లి విమానాల పని నేర్చి, లైసెన్సుతో పాటు కొంత పొగరు కూడా సంపాదించుకుని వచ్చాను.

పెట్రోలు పీపాలు చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలని పైలట్ అంటే, ఉస్తాదును పిలిపించింది నేనే. ఆయన ప్రతి డబ్బానూ మెత్తటి తోలులో వడగట్టి పోసేవాడు. ఆ తోలు పెట్రోలును దిగనిస్తుంది, నీళ్లను దిగనివ్వదు.

మా ఉదయగిరి లారీల వాళ్లకో అలవాటు ఉండేది. మర్రిపాడు దారిలో దుమ్ము లేచే రోజుల్లో, ఇంజను గాలి పీల్చుకునే చోట నూనె రాసిన పాత పంచె గుడ్డ కట్టేవాళ్లు. బండి ఆగిన ప్రతిచోటా దాన్ని విప్పి దులిపేవాళ్లు. మెట్ట మీద ఎర్రదుమ్ము చూసి నేనూ విమానం ఎయిర్ ఫిల్టరుకు అలాగే కట్టాను. లైసెన్సు ఉన్నవాడెవడూ చేయని పని. కట్టి, పైన రేకు మూత బిగించి, మరిచిపోయాను.

పది రోజులకు ఒక ఉదయం విమానం నిండా మందుతో లేచి, చెట్ల ఎత్తుకు పోయేసరికి బలం చాలక, నల్లగా పొగ వదులుతూ కిందికి జారింది. పైలట్ మందంతా ఖాళీ నేల మీద వదిలేసి, ఎలాగో తిప్పుకొచ్చి దించాడు. దిగుతూనే నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఏమైందని నన్ను అడిగాడు. చుట్టూ రైతులు మూగారు.

నేను ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలోకి పెట్రోలు పట్టాను. అడుగున ఒక్క నీటి బొట్టు కనిపించింది. రాత్రి చలికి ట్యాంకులో చెమ్మ పట్టి ఆ మాత్రం బొట్టు దిగడం మామూలే. రోజూ పొద్దున్నే పట్టి పారబోసేవాణ్ణి, ఆ రోజు బద్ధకించాను.

"అది చెమ్మ నీళ్లురా. అంత మాత్రానికి ఇంజను పడిపోదు. ముందు ప్లగ్గులు తీసి చూడు" అన్నాడు ఉస్తాదు.

అంతమంది ముందు షెడ్డు మనిషి నాకు పని చెప్పడమా అని ఒళ్లు మండింది. సీసా పైకెత్తి అందరికీ చూపించాను.

"నీళ్లే సార్. వడగట్టడంలో తేడా వచ్చింది."

ఉస్తాదు వడగట్టే తోలు మడిచి పీపా మీద పెట్టాడు. పైలట్ ఆయన్ని ఆ మధ్యాహ్నం బస్సుకే పంపించేశాడు. బస్సు దాకా తోడు వెళ్లాను, అదీ పైలట్ పొమ్మంటేనే. ఉస్తాదు కిటికీ పక్కన కూర్చుని, బస్సు కదిలేదాకా నా వంకే చూశాడు. కోపంగా ఉన్నాడనుకుని తల తిప్పుకున్నాను.

తిరిగొచ్చి ప్లగ్గులు విప్పాను. అన్నీ కట్టెల పొయ్యి మీది గిన్నె అడుగులా నల్లగా మసిపట్టి ఉన్నాయి. నీళ్లు కలిస్తే మసి పట్టదు. గాలి చాలక పెట్రోలు సరిగా కాలకపోతే పడుతుంది. అప్పుడు గుర్తొచ్చింది గుడ్డ. మూత విప్పితే అది దుమ్ముతో అట్టకట్టి ఉంది. విప్పి జేబులో కుక్కుకున్నాను. సాయంత్రం ఇంజను ఫుల్ థ్రాటిల్‌లో ఎప్పటిలా గర్జించింది. పైలట్ నా భుజం తట్టాడు. ఆ క్షణాన నోరు విప్పి ఉంటే పోయేది నా ఉద్యోగమే. విప్పలేదు. పెట్రోల్లో నీళ్లు కలిపిన సాయిబు అన్న మాట మాత్రం ఉస్తాదు కంటే ముందే ఉదయగిరి చేరింది.

ఏడెనిమిదేళ్లు ఆ ఊళ్లో ఉస్తాదు ఉండే వీధికి పోకుండా తప్పించుకు తిరిగాను. చివరికి ఆయనకు జబ్బుగా ఉందని విని వెళ్లాను. షెడ్డులో లారీలు లేవు. మంచం మీద నుంచే టీ తెప్పించాడు. నేను గ్లాసు కింద పెట్టకముందే అడిగాడు.

"ఆ గుడ్డ తీసేసినావా రా?"

"నీకు తెలుసా ఉస్తాద్?" అన్నాను.

"పొగ నల్లగా వచ్చినప్పుడే అర్థమయింది. నేను నేర్పిందే గదా."

"మరి అందరి ముందూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నీ లైసెన్సు పోతాది. నువ్వే చెప్తావని, బస్సు కదిలేదాకా చూసినాను."