అక్క చేనులో కృష్ణజింకలు

నాందేడ్‌లో నాకో చీరల దుకాణం ఉంది. పొద్దున్నే కలిసి నడిచే మిత్రబృందమూ ఉంది. కిందటేడు వానాకాలంలో ఆ బృందానికి ప్రకృతి ప్రేమ పట్టుకుంది. నలుగురం ఆకుపచ్చ మచ్చల చొక్కాలు, ఒంటినిండా జేబులున్న ప్యాంట్లు కొన్నాం. ఆ జేబుల్లో ఏం పెట్టుకోవాలో ఎవరికీ తెలియదు. కృష్ణజింకను కళ్లారా చూడాల్సిందేనని అంతా పట్టుబడితే, ముఖేడ్ దగ్గర మా అక్క చేనుకే రోజూ వస్తాయని గొప్పలు పోయాను.

అక్క అదే సంగతి నెలరోజులుగా ఫోన్లో ఏడుస్తూ చెబుతోంది. నా చెవికెక్కింది జింకలున్నాయన్న ముక్క ఒక్కటే. మొదట వేసిన సోయా వానల్లేక మాడిపోయింది. రెండోసారి వేసింది అప్పుడే మొలకెత్తింది. అదీ పోతే మళ్లీ విత్తడానికి అదను ఉండదు. జింకలు రాకుండా చేను చుట్టూ చీరలు కట్టింది. నా దుకాణంలో అమ్ముడుపోని చీరలే.

తెల్లవారేసరికి గట్టు వెనక చేరాం. అక్క ఖాళీ నూనెడబ్బా, కట్టె పట్టుకుని వచ్చింది. మా బృందంలో పెద్దవాడు, రిటైరైన డ్రాయింగు మాస్టారు, కెమెరాలోంచి చూసి మొహం చిట్లించాడు.

"గా పసుపు చీర ఫోటోల పడుతుంది సేఠ్. జర తీయిస్తవా?"

నేనే వెళ్లి ఆ పసుపుదీ, దాని పక్కదీ రెండు చీరలు విప్పాను. అలవాటు కొద్దీ మడతలు కూడా పెట్టాను. అక్క ఏదో అనబోయి, ఇంటికొచ్చిన వాళ్ల ముందు తమ్ముడి పరువెందుకు తీయాలని ఊరుకుంది.

బోడిగుట్ట దిగి ఎనిమిది జింకలు వచ్చాయి. ముందు నల్లటి మగజింక, మెలితిరిగిన కొమ్ములు. నిజంగానే ఒళ్లు పులకరించింది. చీరలు విప్పిన సందులోంచి తిన్నగా మొలకల్లోకి దిగాయి. వాటిని తరమడానికి అక్క డబ్బా ఎత్తింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"మెల్లగ అక్క, పారిపోతయి."

"పారిపోవాలనే గదరా నేను రోజూ ఒర్రేది."

"అయిదు నిమిషాలు ఆగు."

అయిదు నిమిషాలు అరగంటయింది. మనిషి కనబడితే బెదురుతాయని మాస్టారు అక్కను వంగి కూర్చోమన్నాడు. తన చేనుగట్టు మీద తనే దొంగలా నక్కి కూర్చుంది. మేం మాత్రం ఊపిరి బిగబట్టి ప్రకృతిని కాపాడుతున్నాం.

కడుపు నిండాక అవే వెళ్లిపోయాయి. ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఒకరి ఫోటోలు ఒకరం మెచ్చుకున్నాం. చాయ్ తెచ్చిన అక్కకు నా ఫోన్ చూపించాను. ఆమె కొమ్ముల వైపు చూడలేదు. రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి, జింకల కాళ్ల దగ్గరి సాళ్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది.

"ఈ ఏడు ఇగ చేను లేదు తమ్మీ" అంది. నా స్నేహితులకు వినబడకుండా, మెల్లగానే అంది.