లింబాయత్ సందులో కాపలా

మే నెల. తెల్లవారుజామున సూరత్ స్టేషన్‌లో దిగాం. గాలి కదలడం లేదు. బూట్లు బిగించుకునేలోపే చొక్కా వీపుకు అతుక్కుపోయింది. సెలవులకు మూసిన ఒక బడిలో మా కేంద్ర బలగాల కంపెనీకి బస. ఉత్తర్వు చిన్నది: మగ్గాల పేట లింబాయత్ సందులకు రెండు వైపులా కాపలా. సరిహద్దు దాటి వచ్చినవాళ్ల కోసం ఇంటింటి కాగితాలు స్థానిక పోలీసులు చూస్తారు. మేం ఎవరినీ ముట్టుకోకూడదు. తలకు హెల్మెట్, చేతిలో లాఠీ.

సందుల నిండా మరమగ్గాల మోత. పక్కవాడితో మాట్లాడాలన్నా అరవాలి.

చాయ్ బండి దగ్గర నా పేరుపట్టీ చూసి ఒకతను పలకరించాడు. మల్లయ్య. జగిత్యాల వైపు మనిషి. మగ్గం నడుపుతాడు.

“మనోళ్లే గదా సార్? జర గట్టిగ పట్టుండ్రి. బార్డర్ దాటొచ్చినోళ్లు సగం పగార్‌కే చేస్తున్నరు. మేం రేటు పెంచుమంటే సేటు గేటు చూపెడుతుండు.”

అబద్ధం కాదు. మగ్గాల షెడ్లలోనే పడుకుని పనిచేసేవాళ్లను నేనూ చూశాను. చెయ్యి తెగినా ఆసుపత్రికి పోరు. పోతే పట్టుబడతారు. సేట్లకు కావలసిందీ అదే.

మా రేడియో ఆపరేటర్‌ది అస్సాం. “కూలి పడిపోయిందని మా నాన్న వీళ్లనే తిట్టేవాడు. మా చేను కోతకు పిలిచిందీ వీళ్లనే,” అన్నాడు, బడి వరండాలో హెల్మెట్ తుడుచుకుంటూ.

మొదటి వారం చాలామందిని తీసుకెళ్లారు. కొన్ని షెడ్లు మూగబోయాయి. మల్లయ్య పగార్ మాత్రం పెరగలేదు. ఉన్నవాళ్లకే సేటు మరిన్ని మగ్గాలు అప్పగించాడు. బెంగాలీ మాట్లాడితే చాలు, కాగితాలున్నవాళ్లను కూడా ఇంటి ఓనర్లు ఖాళీ చేయమన్నారు.

ఒక ఉదయం రేడియో పలికింది: “మూడో సందు. ఒక మహిళ. దారి మూసెయ్.”

మూసింది నేనే. పోలీసులు ఆమెను బయటికి తెచ్చారు. వెనకే బనీను మీద మల్లయ్య, చంకలో నాలుగేళ్ల కూతురు. ఆమె అతని భార్య షెఫాలి.

ఏ ఊరని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. మాల్దా అంది, బెంగాల్‌లో సరిహద్దుకు మన వైపు ఊరు. మళ్లీ అడిగాడు. ఆమె మొగుడి వైపు చూసింది.

“ఖుల్నా,” అంది మెల్లగా. సరిహద్దుకు అవతలి ఊరు.

“నాకు మాల్దా అనే చెప్పినవ్ గదనే,” అన్నాడు మల్లయ్య.

“నిజం చెప్తే చేసుకుందువా?” తెలుగులోనే అడిగింది ఆమె.

అతను నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. “అన్నా, నేనన్నది గీమె గురించి కాదన్నా. జర నువ్వు చెప్పన్నా.”

చెప్పాను. ఇన్‌స్పెక్టర్ విన్నాడు. “పాప తండ్రి దగ్గర ఉంటుంది. ఈమె రావాలి,” అన్నాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు. నేను వెనక్కి వచ్చి నా చోట నిలబడ్డాను.

వానలు మొదలవుతుండగా మమ్మల్ని వెనక్కి పిలిచారు. ఆమెను సరిహద్దు దాటించారని మల్లయ్య తర్వాత ఫోన్‌లో చెప్పాడు. ఇప్పుడు రిటైరై ఊళ్లో ఉన్నాను. సూరత్ మాట వస్తే కొందరు “మంచిగ చేసిండ్రు” అంటారు. కొందరు “పాపం” అంటారు. రెంటికీ నేను తలూపలేను.

నాకు గుర్తొచ్చేది ఆ ఉదయమే. పోలీసులు వెళ్లేసరికి ఆమె పాపకు జడలు వేస్తోందట. ఒక్కటే పూర్తయింది. పోలీసు వ్యాన్ ఇనుప జాలీ వెనక నుంచి మొగుడికి చెబుతోంది: “మూడు పాయలు తియ్యి. గట్టిగ గుంజకు, ఏడుస్తది.” మల్లయ్య రోడ్డు మీద గొంతుక్కూర్చుని పాయలు తీస్తున్నాడు. వ్యాన్ కదిలింది. అతను తలెత్తలేదు. పాయ మీద పాయ వేస్తూనే ఉన్నాడు.