తొమ్మిదో పేజీలో దాగిన వారం

పరిశోధనశాలలో ఆ పిల్లకి పెట్టిన పేరు చాంతాడు. మనిషి పొట్టే, రాతే పొడుగు. వారం పాటు జరిగిన పని గైడు గారికి అరపేజీలో రాసివ్వాలి. ఈవిడేమో బకెట్టు ఎక్కడ కొన్నదీ మొదలుకొని రాసేది. తగ్గిద్దామని కూర్చుంటే ఒక వాక్యం కొట్టేసి, దాని బదులు రెండు పెట్టేది.

పని చూస్తే చిన్నదే. సిమెంటులో బూడిద కలిపి కొన్ని దిమ్మలు, కలపకుండా కొన్ని పోయాలి. అన్నిటినీ ఇరవై ఎనిమిది రోజులు నీళ్ల తొట్టిలో ఉంచి, మిషన్‌లో నొక్కి ఏవి గట్టివో చూడాలి. ఈసారి బూడిదవే గెలిచాయి. గైడు గారు పొంగిపోయి, శుక్రవారం శాఖ పెద్దల ముందు ఆ అంకెలు చూపిస్తానన్నారు.

గురువారం పొద్దున అన్నం తినకుండా ఆ పిల్ల కంచంలో గీతలు గీస్తోంది. ఆ ఇంట్లో మేనత్త ఉంది. పక్కింట్లో పాలు విరిగినా కారణం తెలిస్తేగాని ఆవిడకి నిద్రపట్టదు. ఏమైందే అని అడిగింది. ఏం లేదంది పిల్ల. ఏం లేకపోతే తిను అంది అత్త.

చివరికి బయటపడింది. బూడిద కలపని మామూలు దిమ్మల మీద తేదీ తప్పు రాసుకుని, వాటిని వారం ముందే నీళ్లలోంచి తీసేసింది. నానడం తక్కువైతే గట్టిదనమూ తక్కువే. అంటే బూడిద గెలిచిందీ లేదు, పోటీ సరిగ్గా జరిగిందీ లేదు.

"మరి ఆయనకి చెప్పావా?"

"రాశానత్తా. తొమ్మిదో పేజీలో."

"నేనడిగింది రాశావా అని కాదే."

ఈ వారం పిల్ల ఆయనకి పదకొండు పేజీలు రాసిచ్చింది. తొట్టి నీళ్ల వేడికీ మిషన్ నూనెకీ మధ్య ఆ ముక్క ఇరికించింది. గైడు గారికి కంటి ఆపరేషనై నెల కాలేదు, భూతద్దం పట్టుకుని చదువుతున్నారు. అంత దూరం రారని తెలుసు. తెలిసే అక్కడ పెట్టింది. రేపెవరైనా నిలదీస్తే, రాశానుగా అనొచ్చు. చెప్పొద్దూ, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ నాలుగు రోజులుగా ఆయన గది తప్పించి వెనక మెట్లెక్కుతోంది.

కాగితం తీసి, తొట్టి కొలతలతో మొదలెట్టింది. అత్త వెనకనుంచి తొంగిచూసి, నాకు చెప్పినంతే రాయమంది. అప్పుడు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. మామూలు దిమ్మలు ఇరవై ఒక్క రోజులకే తీశాను. తప్పు నాది. ఆ అంకెలు చూపించకండి.

గైడు గారు దాన్ని భూతద్దం లేకుండానే చదివారు. బల్ల మీదున్న ఆమె పాత కాగితాలు ముందుకు లాక్కున్నారు.

"ఈ ఒక్క ముక్కకి పదకొండు పేజీలెందుకమ్మా?"

"దాచడానికి సార్."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దిమ్మలు మళ్లీ పోయమని, పాత కాగితాలు ఆమె చేతికిచ్చారు. ఎనిమిదో పేజీ దాకా ప్రతి అక్షరదోషం ఎర్రసిరాతో దిద్ది ఉంది. దాని అడుగున వంకరటింకరగా రాసుకున్నారు: కళ్లు మండుతున్నాయి, మిగతాది రేపు.